అంచు మేస్త్రి కట్టిన అరుగు

అంచు మేస్త్రికీ ఆయన వదినకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్య ఒకటే గోడ. అన్న పోయాక ఆ గోడను మరిది జానెడు నా వైపుకి జరిపి కట్టాడని ఆమె అంటుంది. జరపలేదు, పాత పునాది మీదే లేపానని ఆయన అంటాడు. కొలిచి చూద్దామని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. కొలిస్తే ఎవరో ఒకరు నోరు మూసుకోవలసి వస్తుంది. ఆ నష్టానికి ఇద్దరూ సిద్ధంగా లేరు.

అప్పటినుంచి ముఖాముఖి మాటల్లేవు. ఏం చెప్పాలన్నా మేస్త్రి భార్య మీదుగానే. వదిన ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "మీ అక్కకి చెప్పు, తడిబట్టలు గోడ మీద వేస్తే సున్నం ఊడుతుందని" అనేవాడు.

"మీ ఆయనకి చెప్పవే, ఊడేది సున్నం కాదు, ఆయన పనితనమని."

మేస్త్రి భార్య ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. "విన్నారుగా, ఇంక నేనెందుకు?" అని లోపలికి పోయేది.

పనితనం మాట ఎత్తితే మేస్త్రికి ఎక్కడో కాలేది. ఆ ఒక్కదానికీ వంక పెట్టినవాళ్ళు అప్పటిదాకా లేరు మరి. ఇసుక జల్లించే పిల్లాడిగా మొదలై, సిమెంటు మాలు కలిపి, ఇటుక మోసి, తాపీ పట్టినవాడు. గోడ మూలైనా, మెట్టు అంచైనా ఆయన చెయ్యి పడితే చాకుతో కోసినట్టు ఉండేది. పని ముగించాక బొటనవేలు అంచు పొడుగునా రాసి చూసుకునేవాడు. ఎక్కడ గరుకు తగిలినా, యజమాని బాగుందన్నా వినకుండా గీకి మళ్ళీ పెట్టేవాడు. కూలీలు వెనకాల తిట్టుకుంటూనే అంచు మేస్త్రి అని పేరు పెట్టారు. తిట్టుగా పెట్టిన పేరు బిరుదై కూర్చుంది.

అయితే ఆయనకీ ఒక ముల్లు ఉంది. పని నడిచినంతకాలం "మేస్త్రీ, మేస్త్రీ" అని వెంట తిరిగినవాళ్ళే, కొత్త ఇంట్లో చేరిన మర్నాడు గేటు దగ్గర ఆపి "ఎవరు కావాలి?" అనేవారు. ఇన్ని ఇళ్ళకు మెట్లు కట్టాడు గానీ, ఒక్క మెట్టు మీద కాసేపు కూర్చున్నది లేదు.

వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. చిరిగిన పరుపులు, పగిలిన టీవీలు, అందరి ఇళ్ళ చెత్తా అక్కడే. వదిన ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసేది. డ్యూటీ దిగి వస్తూ ఎక్కడో పీకిన కానుగ మొక్కను తెచ్చి ఆ చెత్త మధ్య పాతింది. రోజూ బక్కెట్టు మోసుకెళ్ళి పోసేది. చూసినవాళ్ళు నవ్వారు. నవ్విన నోళ్ళు మూతపడకముందే అది చెట్టయి కూర్చుంది.

తరవాత పోస్టుమాస్టరు రిటైరయ్యాడు. ఇంట్లో పొద్దుపోక వీధిలో వాళ్ళను కూడగట్టి, ఆదివారం ఆదివారం చెత్త ఎత్తించి, మొక్కలు నాటించి, ఆ స్థలాన్ని పార్కు చేశాడు. కూర్చోవడానికి బల్లలు కావాలన్నారు. మేస్త్రి ఊరుకోలేకపోయాడు.

"బల్లలెందుకండీ? చెట్టు చుట్టూ అరుగు కడతాను. ఎవరూ పైసా ఇవ్వొద్దు. చూద్దురుగాని."

ఆయన అలా కట్టింది మునుపెన్నడూ లేదు. కానుగ మొదట్లో మోకాలెత్తు మట్టి పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, పైన సిమెంటు చప్టా వేశాడు. చప్టా తిన్నగా కాండానికి ఆనేదాకా వచ్చింది. గుండ్రటి అంచు తీయడం ఎంత కష్టమో మేస్త్రులకే తెలుసు. లోపలి అంచు, బయటి అంచు, రెండూ అద్దంలా తీశాడు. "చీమ దూరాలన్నా సందు లేదు. వాన పడితే చుక్క నిలవదు, అంతా బయటికే జారిపోతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రమైతే వెళ్ళి దాని మీద కూర్చునేవాడు. ఎవరు కావాలని ఎవరూ అడగలేదు.

వదిన ఒకసారి చుట్టూ తిరిగి చూసింది. "మీ ఆయనకి చెప్పవే. చెట్టుకి పీకదాకా సిమెంటు బిగించాడు. ఊపిరాడక చస్తుంది."

"మీ అక్కకి చెప్పు, చెట్టుకి ముక్కెక్కడుందో చూపించమని."

అరుగు మీదున్న వాళ్ళంతా విరగబడి నవ్వారు. వదిన నవ్వలేదు, మరిచిపోనూ లేదు.

రెండు వేసవులు గడిచేసరికి కానుగ ఆకులు చిన్నబోయి పాలిపోయాయి. పైకొమ్మలు ఎండి, చేతివేళ్ళు చాపినట్టు మిగిలాయి. ఆదివారం అందరూ చేరినప్పుడు వదిన అరుగు పగలగొట్టమంది.

"చెట్టుకి వయసైపోయిందమ్మా" అన్నాడు పోస్టుమాస్టరు. "కొట్టించేసి అరుగు మీద రేకుల పందిరి వేద్దాం. నీడ ఏదైతేనేం?"

"నాకంటే చిన్నది. దానికి వయసైతే నన్నూ కొట్టించెయ్యండి."

"అరుగు లేకపోతే మేమెక్కడ కూర్చోవాలి, నీ నెత్తినా?" అన్నారెవరో.

"కొంపల్లో కుర్చీలు లేవా? కూర్చోనిచ్చేవాళ్ళు లేకేగా ఇక్కడ పడి ఉంటారు!"

దాంతో వీధంతా ఆమె మీద ఒంటికాలి మీద లేచింది. ఎదురైతే మొహం తిప్పుకున్నారు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఆమె గుమ్మం ముందు కుళ్ళిన చెత్త గుమ్మరించి ఉంది. మేస్త్రి తన గుమ్మంలోంచే చూశాడు. బాగా అయింది అనుకున్నాడు. అనుకోలేదని ఎవరితోనూ బుకాయించలేదు కూడా. ఆయన భార్య మాత్రం కిక్కురుమనకుండా వెళ్ళి ఊడ్చి వచ్చింది, ఆ పూట ఆయనకి చల్లారిన అన్నం పెట్టింది.

వీధివాళ్ళు చెట్టు కొట్టించడానికే నిశ్చయించారు. కొట్టేవాళ్ళు రావడానికి ముందురోజు ఆదివారం. వారమంతా ముసురు. పార్కులో అడుగు వేస్తే చెప్పులు బురదలో ఉండిపోతున్నాయి. వదిన గునపం పట్టుకుని వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా అరుగెక్కి ఎడాపెడా పొడవడం మొదలుపెట్టింది. గునపం జారి జారి అంచులు గాట్లు పడ్డాయి. పెచ్చులు లేచాయి. కబురందిన మేస్త్రి పరుగున వచ్చాడు.

"వదినా! ఏమిటా పొడవడం? మనిషి చేసే పనేనా అది!"

ఎన్నో ఏళ్ళకి ఆయన నోట వచ్చిన తిన్నని మాట అది. వదిన మాత్రం వెనకాలే రొప్పుతూ వచ్చిన తోడికోడలి వైపు తిరిగింది. "మీ ఆయనకి చెప్పవే, అడ్డొస్తే కాలు విరుగుతుందని."

"నాకు చెప్పకండి. మీ ఏడుపేదో మీ ఇద్దరే ఏడవండి" అంది మేస్త్రి భార్య.

మేస్త్రి వదినను పక్కకు నెట్టి, ఎంత పాడైందో చూద్దామని వంగాడు. కాండం దగ్గర చప్టా ముక్క లేచిపోయి ఉంది. కింద మట్టి పొడిపొడిగా ఉంది. ఊరంతా నానుతుంటే అక్కడ పిడికిట్లో పట్టుకుంటే జారిపోయే దుమ్ము. ఆ దుమ్ములోంచి సన్నని వేళ్ళు పైకి పాకి, దారి లేక చప్టా అడుగున అట్టలు కట్టి ఎండిపోయాయి. ఆయన అలవాటు కొద్దీ లోపలి అంచు మీద బొటనవేలు రాశాడు. ఎక్కడా గరుకు లేదు. ఆ నున్నటి అంచు పెరుగుతున్న కాండంలోకి దిగబడి, బెరడును కోసేసి ఉంది. చాకుతో కోసినట్టే.

ఆయన లేచి వదిన వైపు చెయ్యి చాచాడు.

"గునపం ఇటివ్వు."

"ఎందుకూ, దాచెయ్యడానికా?"

"నీకు కట్టడం రాదు, పగలగొట్టడమూ రాదు. ఇంకో నాలుగు పోట్లు పొడిస్తే చెట్టు నీ చేతుల్లోనే చస్తుంది. ఇటివ్వు!"

లాక్కున్నాడు. అతుకు ఎక్కడుందో కట్టినవాడికి తెలుసు. అక్కడే గునపం దింపి ఎత్తాడు. చప్టా పలకలు పలకలుగా లేచింది.

"మేస్త్రీ! అది నలుగురి సొత్తు!" అని పోస్టుమాస్టరు గొడుగు ఊపాడు.

"కట్టినప్పుడు ఆ నలుగురిలో ఒక్కడైనా ఇటుక అందించాడా?"

"వంశమంతా ఒకటే తిక్క" అని ఇంకెవరో అన్నారు. మేస్త్రి తల ఎత్తలేదు. పోసిన మట్టి అంతా తోడి, కాండం మొదలు బయటపడేదాకా ఆగలేదు. చివరికి పోస్టుమాస్టరు ఒక్క మాట ఇచ్చాడు, అదీ పళ్ళు నూరుతూ: వానలు వెళ్ళేలోగా చిగురు వస్తే సరి, రాకపోతే రంపమే.

ఆ రోజునుంచి వీధిలో మేస్త్రినీ పలకరించేవాళ్ళు లేరు. సాయంత్రాలు పార్కుకు వెళ్ళి, కూర్చోవడానికి చోటు లేక నిలబడి, పైకి చూసి వచ్చేవాడు. వదిన బక్కెట్టు తెచ్చి పోసి వెళ్ళేది. ఒకరినొకరు చూసుకునేవారు కాదు.

వానలు వెనకబట్టే వేళకి ఒక కింది కొమ్మ కణుపులో గోరంత చిగురు మేస్త్రి కంటబడింది. రాగిరంగులో మెరుస్తోంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్తే వదిన గెలిచినట్టు.

ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తూ అంది, "అక్క నిన్ననే చూసిందట. మీ నోటంట వినాలని ఊరుకుందట."

"అయితే ఊరుకోమను."

గడువు ముగిసిన రోజున పోస్టుమాస్టరు రంపం మనిషిని వెంటబెట్టుకు వచ్చాడు. వీధివాళ్ళంతా చేరారు. "ఏదీ చిగురు? మోడు మోడులాగే ఉంది" అన్నాడు కింద నుంచి కళ్ళు చికిలించి. మేస్త్రి వదిన వైపు చూశాడు. వదిన మేస్త్రి వైపు చూసింది. ఇద్దరికీ పెదాలు బిగిసే ఉన్నాయి. రంపం మనిషి చెప్పులు విడిచి, నిచ్చెన ఆనించి, ఎక్కి, మొదటి కోత ఎక్కడ పెట్టాలా అని చేత్తో తడిమి చూశాడు. రంపం బెరడు మీద ఆనింది.

"ఆగవయ్యా!" అని మేస్త్రి అరిచాడు. "చిగురుంది. నీ ఎడంచేతి కింది కొమ్మకి."

రంపం మనిషి వంగి చూసి తలూపాడు. పోస్టుమాస్టరు గొణుక్కుంటూ గొడుగు ముడిచాడు.

"మీ ఆయనకి చెప్పవే" అంది వదిన. "నాకు చెవుడొచ్చింది. ఏమన్నాడో గట్టిగా మళ్ళీ చెప్పమను."

మేస్త్రి మెడనరాలు పొంగాయి. "చెట్టు బతికుంది! అరుగు తప్పు! నాదే!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచి, ఊపిరి తీసుకుని భార్య వైపు తిరిగాడు. "గోడ మాత్రం జరపలేదని మీ అక్కకి చెప్పు."

"కొలుద్దామా?" అంది వదిన, తిన్నగా ఆయనతోనే.

మేస్త్రి కానుగ మొదట్లో మిగిలిపోయిన సిమెంటు పెచ్చు ఒకటి కనిపిస్తే వంగి ఏరి, కోపంగా దూరంగా విసిరేశాడు.