ముత్తన్న పేరున్న రేడియేటర్

మా రామ్‌దాస్ గురించి చెప్పాలంటే ముందు ముత్తన్న గురించి చెప్పాలి. అదే నాకు ఒళ్ళు మంట. ఒక మంచి మనిషి కథ మొదలుపెట్టడానికి కూడా ఆ పాపిష్టివాడి పేరు ఎత్తక తప్పడం లేదు.

నిజామాబాద్‌లో పెళ్ళి వీడియోలంటే ఒకప్పుడు ముత్తన్న స్టూడియోనే. రామ్‌దాస్ అందులో మిక్సింగ్ చేసేవాడు. మాలాంటి కెమెరావాళ్ళు తెచ్చిన క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, పనికిరానివి కోసేసి, పాటలు అతికించి, పెళ్ళిని సినిమాలా తయారుచేయడం అతని పని. నా పేరు వెంకటి. అదే స్టూడియోలో కెమెరా పట్టేవాణ్ణి. పెళ్ళంతా ముక్కు చీదుకుంటూ కూర్చున్న పిల్ల కూడా రామ్‌దాస్ కటింగులో కళకళలాడేది. పేరు మాత్రం ముత్తన్న కొట్టేసేవాడు. విసుగొచ్చి రామ్‌దాస్ బయటికొచ్చి ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాడు. నేనూ అతని వెంటే వచ్చేశాను.

మేం వచ్చేస్తుంటే ముత్తన్న పెద్దమనిషిలా నవ్వి, పాత కంప్యూటర్ని రామ్‌దాస్‌కే అమ్మాడు. "తీస్కపో తమ్మీ, నీ చేతికి అలవాటైన మిషన్" అన్నాడు. అమ్మేముందు లోపలున్న మంచి ఫ్యాను పీకేసి, అరిగిపోయిన చిన్న ఫ్యానొకటి బిగించాడన్న సంగతి మాకు ఆ వేసవిలో తెలిసింది. ఎలా తెలిసిందంటే, కందకుర్తి వాళ్ళ పెళ్ళి సినిమా సగం తయారవుతుండగా మిషన్ కాలిపోయింది. సినిమా పోయింది. క్యాసెట్లు చూద్దామా అంటే, వాటి మీద అప్పటికే ఇంకో పెళ్ళి తీసేశాం. కంప్యూటర్లోకి ఎక్కగానే అదే క్యాసెట్టు మీద మరో పెళ్ళి తీయడం మా ఊళ్ళో అందరూ చేసే పనే.

అంతటితో ఆగాడా ముత్తన్న? లేదు. ఫంక్షన్‌హాళ్ళ దగ్గర, పూలదుకాణాల దగ్గర, పంతుళ్ళ చెవిలో ఒకటే మాట ఊదాడు. "రామ్‌దాస్ చెయ్యి పడ్డ పెండ్లి నిల్వదు." అంతే. పెళ్ళి చేసేవాళ్ళు పిల్లి ఎదురొస్తేనే కూర్చుని నీళ్ళు తాగి బయల్దేరతారు, ఇలాంటి మాట విన్నాక మా గుమ్మం తొక్కుతారా? రామ్‌దాస్ భార్య ప్రమీల ఎప్పుడో మానేసిన బీడీల చాట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. రామ్‌దాస్ పుట్టినరోజులకు, రిటైర్మెంటు సన్మానాలకు మిక్సింగ్ చేస్తూ పళ్ళు నూరేవాడు.

"ఒక్క పెండ్లి, వెంకటీ. మే నెలల, నడి ఎండల, అందరు సూస్తుండంగ ఒక్క పెండ్లి జేసి సూపెట్టాలె. నా చెయ్యి మీద వడ్డ మచ్చ పోవాలె. ముత్తన్న ముఖం మాడిపోవాలె" అనేవాడు. ఆ రెండూ అతనికి ఒకటే కోరిక.

రెండువేల మూడులో ఒక కంప్యూటర్ పత్రికలో బొమ్మ చూశాడు. ఎవరో విదేశీయుడు కంప్యూటర్‌ని ఫ్యానుతో కాక నీళ్ళతో చల్లబరుస్తున్నాడు. లోపల వేడెక్కే చిప్పు మీద రాగి డబ్బా, అందులోంచి మోటారుతో తిరిగే నీళ్ళు, ఆ నీళ్ళ వేడిని గాలికి వదిలేయడానికి ఒక రేడియేటర్. మోటారు మనకు కొత్తా? నిజామాబాద్‌లో ఇంటింటికీ ఎయిర్‌కూలర్ ఉంది, అందులో మోటారుంది. రాగి డబ్బాను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పనిచేసే లేత్‌షాపులో చేయించాం. మిగిలింది రేడియేటర్.

వర్ని రోడ్డు మీద కొమురయ్య రేడియేటర్ల షాపుకి పోయాం. రామ్‌దాస్ సంగతంతా చెబితే కొమురయ్య పడీపడీ నవ్వాడు.

"కంప్యూటర్‌కి రేడియేటరా! రేపు డీజిల్ గూడ పోస్తవేమో."

"నవ్వుకో అన్న. నవ్వినాంక మంచిది సూపెట్టు."

మొదట లారీది చూశాం. అది గోడంత ఉంది. దాన్ని నింపడానికే రెండు బిందెలు పడుతుంది, మా కూలర్ మోటారు దాని పైదాకా నీళ్ళు ఎక్కించలేదు. ట్రాక్టర్‌దాని రేకులు మరీ ఎడంగా ఉన్నాయి, దబదబా గాలి కొడితే తప్ప చల్లబడదన్నాడు కొమురయ్య. తర్వాత మూలనుంచి చిన్నదొకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఇటుక కంటే కాస్త పెద్దది. దగ్గరదగ్గరగా సన్నటి రేకులు, తళతళలాడుతోంది.

"మారుతి కారు హీటర్‌ది. చలిదేశాలోల్లకు కార్ల వెచ్చగుండనీకి పెడ్తరు. మన దగ్గర దాని మీట తిప్పినోడున్నడా? బండి తుక్కుకొచ్చినా గిది కొత్తదే. లోపల మురికి లేదు. నా మాటిను, గిది తీస్కపో."

రామ్‌దాస్ వినిపించుకోలేదు. అతని చూపు గోడకు ఆనించిన ఒక జీపు రేడియేటర్ మీద పడింది. దాని పై ట్యాంకు మీద తెల్ల రంగుతో 'ముత్తన్న' అని రాసుంది. మెకానిక్కులు మార్చేస్తారేమోనని ఓనర్లు అలా పేర్లు రాయించుకుంటారు. ముత్తన్న కొత్త సుమో కొన్నాక జీపును తుక్కుకు వేస్తే, ఇది కొమురయ్య దగ్గరికి చేరింది.

"గదే గావాలె" అన్నాడు రామ్‌దాస్.

"అది పాతది. వారం ఆగు, ట్యాంకులిప్పి లోపల గొట్టాలన్ని రాడ్డు పెట్టి సాఫ్ చేసిస్త."

"ఆగ. గిట్లనే ఇయ్యి. మంచి ఫ్యాను పీకి నా కడుపు మీద కొట్టిండు. వాని బండి రేకులతోనే నా మిషన్ చల్లగుండాలె. వాని పేరే నా దగ్గర చాకిరి జెయ్యాలె."

నిజం చెప్పనా? నాకు ఆ మాట తేనె తాగినట్టుంది. వద్దనాల్సింది నేనే అయినా, "ఎత్తు, ఎత్తు" అంటూ ఒక పక్క నేనే పట్టుకున్నాను. రేకుల గదిలో దాని ముందు టేబుల్‌ఫ్యాను పెట్టి, గొట్టాలు బిగించి నడిపితే, ఏప్రిల్ ఎండలో కూడా మిషన్ ఆగకుండా నడిచింది. ప్రమీల వచ్చి దాన్ని చూసి, "పగోని పేరు ఇంట్ల పెట్టుకుంటారా ఎవరన్న?" అంది. రామ్‌దాస్ ఆ పేరు మీద తడిగుడ్డ ఆరేశాడు.

ఇక అదృష్టం చూడండి. బోధన్ నుంచి పోశయ్య పటేల్ వచ్చాడు. చెరుకు పండించే ఆసామి. కొడుకు పెళ్ళి. పిల్ల ఎవరనుకున్నారు? ముత్తన్న కూతురు విమల. వీడియో అంతా నేనే తీయిస్తానని ముత్తన్న పట్టుబట్టాడట. మగపెళ్ళివాళ్ళకు వేరే కెమెరా ఉండడం మర్యాద, నన్ను అంత తక్కువగా చూస్తాడా అని పోశయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"వానికి నువ్వంటే కండ్ల మంట అంటగద. అందుకే నీ దగ్గరికొచ్చిన. పెండ్లి తెల్లారి బోధన్ల విందున్నది. కోడలు మా ఇంట్ల అడుగువెట్టేది గూడ కలిపి, గా సాయంత్రమే తెర మీద ఎయ్యాలె. అయితదా?"

"అయితది పటేలా" అన్నాడు రామ్‌దాస్.

పోశయ్య వెళ్ళాక నా భుజం పట్టుకున్నాడు. "ముత్తన్న ముఖం ఒక్కసారి గూడ పడొద్దు సినిమాల. కాళ్ళు గడిగేటప్పుడు చేతులు పట్టు. అప్పగింతలప్పుడు పిల్లను పట్టు. బిడ్డ పెండ్లిల తండ్రే లేకుండ జేస్త. నన్ను ఊళ్ళెకెళ్లి తీసేసిండుగద, నేను వాన్ని తెరమీదికెళ్లి తీసేస్త."

పెళ్ళిలో నేను అలాగే తీశాను. ముత్తన్న పట్టు పంచె కట్టుకుని, పళ్ళెంలో అల్లుడి కాళ్ళు కడుగుతుంటే, అతని కళ్ళు నిండాయి. నేను చేతులు మాత్రమే పట్టాను.

మర్నాడు పొద్దున మిషన్ని, రేడియేటర్ని ట్రాలీ ఆటోలో వేసుకుని, గుంతల్లో ఎగిరెగిరి పడుతూ బోధన్ చేరాం. పోశయ్య ఇంటి పక్క ఎరువుల గదిలో దిగాం. మధ్యాహ్నానికి కటింగ్ పూర్తయింది. ఇక ముక్కలన్నీ కలిపి మిషన్ ఒక్క సినిమాగా కుట్టాలి. మిషన్ బాగా వేడెక్కే పని అది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కాసేపటికి మిషన్ టప్‌మని ఆగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగింది. రామ్‌దాస్ ముఖం చూడలేకపోయాను.

గొట్టం వంక చూశాను. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. గొట్టం ఊడదీసి వాసన చూస్తే పసుపు! రేడియేటర్ కారుతుంటే అందులో ఇంత పసుపు పోసి బొక్కలు మూయడం మా వైపు డ్రైవర్లకు అలవాటు. పసుపు మార్కెట్ ఉన్న ఊళ్ళో దానికేం కొదవ? జీపు గొట్టాలకు పట్టిన పసుపంతా దారిలోని కుదుపులకు పెచ్చులూడి, రాగి డబ్బాలోని సన్నటి సందుల్లో ఇరుక్కుంది.

"వాడు నన్ను ఈడ గూడ వదల్లేదు!" అని రామ్‌దాస్ ఆ రేడియేటర్ని కాలితో తన్నాడు. ముత్తన్న పేరు మీద సొట్ట పడింది. "నేనే తెచ్చుకున్న. కొమురన్న చెప్తె ఇన్లే. నేనే మోసుకొచ్చుకున్న."

నేను పోశయ్య దగ్గరికి ఉరికాను. వాకిట్లో అతని మారుతి కారుంది. హీటర్ సంగతి చెబితే అతను విరగబడి నవ్వాడు. "బోధన్ల హీటర్ ఎవనికి గావాలె? పీక్కపొండ్రి!" మెకానిక్‌ని పిలిపించి ముందు భాగమంతా విప్పించాడు. ఈలోగా రామ్‌దాస్ రాగి డబ్బా విప్పి, సూదితో సందుల్లో పసుపంతా గీకి తీశాడు. మారుతి హీటర్‌ది బిగించి, ఫిల్టర్ నీళ్ళు పోసి మిషన్ పెట్టాం. ఎండ దిగకముందే సినిమా తయారైంది. అరచేయి పెట్టి చూస్తే డబ్బా గోరువెచ్చగా ఉందంతే.

సాయంత్రం పందిట్లో తెల్లబట్ట కట్టి సినిమా వేశాం. ముత్తన్న ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రామ్‌దాస్ కటింగ్ చూసి జనం ఈలలు వేశారు. నాకు ఛాతీ ఉబ్బింది. కాళ్ళు కడిగే తంతు వచ్చింది. పళ్ళెం, నీళ్ళు, రెండు చేతులు. ముఖం లేదు. అప్పగింతలొచ్చాయి. విమల ఎవరి భుజం మీదో ఏడుస్తోంది. ఆ భుజం ఎవరిదో తెలియదు. వెనక నుంచి ఎవరో అరిచారు.

"పిల్ల తండ్రేడి? పెండ్లికి రాలేదా?"

పందిరంతా నవ్వింది. పోశయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. "పెండ్లి ఖర్చుకు భయపడి దాక్కున్నడేమో మా వియ్యంకుడు!" అన్నాడు.

ముత్తన్న కాలు దించాడు. వెనక్కి తిరిగి రామ్‌దాస్‌ని చూశాడు. రామ్‌దాస్ కళ్ళు తిప్పలేదు. అబ్బ, ఆ క్షణం కోసమే గదా బతికాం! ముత్తన్న ముఖం నిజంగానే మాడిపోయింది. విస్తరి ముందు కూర్చోకుండానే పందిట్లోంచి వెళ్ళిపోయాడు. వియ్యంకుడి విందులో మెతుకు ముట్టకుండా పోవడమంటే చిన్న సంగతి కాదు. ఎవరూ ఆపలేదు. విమల ఒక్కతే లేచింది. మామ దగ్గరికి వెళ్ళి, "మా బాపు మీద నవ్వుతరా?" అంది. నగలతో, పూలతో అలాగే నడిచిపోయి తండ్రి సుమో ఎక్కింది.

మేం నిజామాబాద్‌కు పండగ చేసుకుంటూ వచ్చాం. ప్రమీల మాత్రం అంతా విని, "పిల్ల ఏం జేసింది మీకు?" అని లోపలికి పోయింది. అయినా ఆ వారంలోనే గిరాకీ మొదలైంది. మిక్సింగ్ అద్భుతమని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇక మచ్చ పోయిందనుకున్నాం. తీరా వచ్చినవాళ్ళు గుసగుసగా అడిగేది ఇంకొకటి. మా బావమరిదిని తీసేస్తావా? మా పెద్ద కోడల్ని కనబడకుండా చేస్తావా? రామ్‌దాస్ కొందరిని పంపేశాడు, కొందరిని కాదనలేక చేసిపెట్టాడు.

ఆషాఢం వెళ్ళాక పోశయ్య మళ్ళీ వచ్చాడు. నవ్వు లేదు. క్యాసెట్టు టేబుల్ మీద పెట్టాడు.

"పిల్ల రానన్నది. పెద్దమనుషుల్ల కూసున్నం, పెండ్లి తెగిపోయింది. నా కొడుక్కు వేరే సంబంధం సూస్తున్న. గీ సినిమాల మా సుట్టాలు మంచిగొచ్చిండ్రు, నా కొడుకు మంచిగొచ్చిండు. పిల్లను తీసెయ్యొస్తదా?"

రామ్‌దాస్ ఆ క్యాసెట్టును ముట్టుకోలేదు. "రాదు పటేలా, తీస్కపో" అన్నాడు.

పోశయ్య వెళ్ళాక నేను ఊరడించబోయాను. ముత్తన్నకు తగిన శాస్తి జరిగిందని ఇప్పటికీ అంటాను, అప్పుడూ అన్నాను. రామ్‌దాస్ తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ముత్తన్న చెప్పింది అబద్ధం ఉండె, వెంకటీ" అన్నాడు. "నేనే నిజం జేసిన."

ఆ రోజు అతను ఇంకే పనీ ముట్టలేదు.