కావడి కట్టిన సైకిలు

మా వీధి చివర ఎద్దుబళ్ళు చేసే కమ్మరి తాత పోయారు. పాలు పోస్తూ పాలావిడ చెప్పింది. "మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చారంటండి. సాయంత్రం లేపితే లేవలేదంట." ఏ బాధా పడకుండా వెళ్ళారని మనసు కుదుటపడింది. అంతలోనే ఇంకో సంగతి గుర్తొచ్చి మళ్ళీ కలత పడింది. ఆయనకి నేనొక అబద్ధం చెప్పాను. ఏడేళ్ళయినా దిద్దుకోలేదు. ఇంక ఎవరితో చెప్పుకోను?

మద్రాసులో బి.ఏ. చదివొచ్చిన నాకు ఆడపిల్లల బడులు తనిఖీ చేసే ఉద్యోగం ఇచ్చారు. బడులన్నీ కాలవల వెంట ఉండేవి, నా తిరుగుడంతా పడవల్లోనే. ఎండాకాలం కాలవలు కట్టేస్తే పడవలు ఉండవు. ఏడేళ్ళ కిందటి ఎండాకాలంలో, కడియం అవతల ఒక బడిని నెలాఖరులోగా చూసి రిపోర్టు రాయకపోతే అది మూతపడుతుందన్నారు. నలభైకి దగ్గరపడుతున్న వయసులో నేను సైకిలు నేర్చుకున్నది అందుకే. మద్రాసు నుంచి రైల్లో తెప్పించాను. చదునైన పట్నం రోడ్లకి చేసిన బండి అది. సన్నటి చక్రాలు, ఒక్క పుస్తకం పెట్టుకునే చోటు కూడా లేదు.

తాత దగ్గరికి నడిపించుకెళ్ళాను. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీనికి గడ్డి ఎక్కడ పెడతారండి, అమ్మగారూ?"

కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం చక్రం వేలితో తిప్పి, అది ఆగేదాకా చూశారు.

"దీన్నెక్కి ఎక్కడికండి?"

"కాలవ గట్టు మీద పన్నెండు మైళ్ళు, తాతా. పుస్తకాలు, పక్కచుట్ట, మంచినీళ్ళు కూడా రావాలి."

"అయితే బండిని చూసి కాదండి, గట్టుని చూసి చెయ్యాలి."

మర్నాడు ఆయనే గట్టు మీద రెండు మైళ్ళు నడిచి, తువ్వాలు చెంగులో తుమ్మముళ్ళు కట్టుకొచ్చారు. వాటికి విరుగుడుగా పాత తెరచాప గుడ్డని పట్టీలుగా చింపి టైర్ల లోపల పరిచారు. గొలుసులో చీర పడకుండా వలతాడుతో అల్లిక వేశారు. సామాను కోసం ఇనప చట్రం చేసి ముందు చక్రం పైన, చేతిపిడికి బిగించారు. ఎద్దుబండిలో బరువు వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది. అందుకని బరువు ముందుకి సర్దడం ఆయన చేతికి చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. నాకు అనుమానం వచ్చింది. ఏ సంగతిలో రాదు గనక! కానీ ఆయన చట్రాన్ని చేత్తో నిమురుతుంటే అడగబుద్ధి కాలేదు.

సామాను వేసుకుని బయల్దేరితే, నాలుగో మైలులో ఆ బరువు చేతిపిడిని ఒక పక్కకి లాగేసింది. సైకిలు, పుస్తకాలు, నేను, అందరం కాలవలో పడ్డాం. కట్టేసిన కాలవ కాబట్టి మోకాలి లోతు బురదతో సరిపోయింది. నీళ్ళే ఉంటే ఈ స్మృతివ్యాసం నా మీద ఇంకెవరో రాసేవారు. దారిలో ఒక నూతి దగ్గర చీరకంటిన బురద కడుక్కుని, సైకిలు కడిగి తుడిచి, నడుచుకుంటూ వచ్చేశాను.

"ఏంటండి, అప్పుడే వచ్చేశారు?" అన్నారు తాత.

"నాకింకా తొక్కడం సరిగ్గా రాలేదు తాతా. దారిలో నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటుంటే చీర తడిసింది, అంతే. మీ పనిలో ఏ లోపం లేదు."

ఆయన నన్ను చూశారు, సైకిల్ని చూశారు. "ఆ చట్రం ఇనుమే నాకు నచ్చలేదండి, మరీ మెత్తది. రెండ్రోజులు ఇక్కడ వదిలెయ్యండి."

రెండ్రోజుల తర్వాత చూస్తే ముందు చట్రం లేదు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి, ఇరుసుకి దగ్గరగా కిందికి వేలాడుతూ రెండు గోనెసంచులు ఉన్నాయి.

"కావడి కట్టానండి. రెండు పక్కలా సమానంగా వేసుకోండి. తేడా వస్తే ఊరుకోదు."

బడి చూశాను, రాశాను, బడి నిలబడింది. ఆ తర్వాత ఆ కావడితోనే పెద్దాపురం దాకా తిరిగాను. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన చక్రం తిప్పి చూసి, "దారేమందండి?" అని అడిగేవారు. ప్రతిసారీ నిజం నోటిదాకా వచ్చేది. చెబితే నొచ్చుకుంటారేమో. చెప్పకపోతే, రేపు ఇంకెవరో సైకిలు తెస్తే మళ్ళీ ముందే చట్రం బిగిస్తారేమో, వాళ్ళు నీళ్ళున్న కాలవలో పడితే? ఇలా ఏడేళ్ళు గడిపాను. చదువు నాకు రెండు వైపులా ఆలోచించడం నేర్పింది గాని, ఏదో ఒక వైపు దిగడం నేర్పలేదు.

కర్మ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు పీట వేసింది. కూర్చోకుండానే ఆవిడతో అంతా చెప్పేశాను. వింటూ వింటూ ఆవిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, మావయ్యగారికి ఆ రోజే తెలుసండి! మీరు సైకిలంతా తుడిచారు గాని, చట్రం కింద మూలలో బురద వదిలేశారంట. 'నా పరువు కోసం ఆయమ్మ పడ్డ సంగతి దాచింది, మనమూ దాచేద్దాం' అన్నారు. తర్వాత సైకిలు ఎవరు తెచ్చినా ముందు ఆ చట్రాన్నే చూపించేవారు, 'ఇది నా తప్పు, ఇలా చేయించుకోకండి' అని."

అప్పుడు కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ఊపిరి పూర్తిగా తీసుకున్నట్టనిపించింది.

కొలిమిపాక చూరుకి ఆ చట్రం వేలాడుతోంది. అందులో గడ్డి పరుచుకుని ఒక కోడిపెట్ట పొదుగుతోంది.

"కావాలంటే పట్టుకెళ్ళండి, అమ్మగారూ."

"వద్దమ్మా, ఉండనీ. దాని పని కానివ్వు."

కోడి ఒంటికన్నుతో నన్ను చూసింది గాని, కదల్లేదు. దాని కింద చట్రం మూలలో ఏడేళ్ళ నాటి కాలవ బురద, ఎండి, బీటలిచ్చి, ఇంకా అంటుకునే ఉంది.