బొటనవేలికి దిగిన అంకె

ఆగి ఉన్నప్పుడు కారు వణుకుతోందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని కోడలు చెబితే నేను నమ్మలేదు. కాకినాడలో ఉద్యోగమని చెప్పి ఊళ్లు తిరుగుతోందని నిందించాను. నిజం తేల్చుకోవాలని మెట్టకూరు మెకానిక్ షెడ్డుకు తనతో నేనూ వెళ్లాను.

మెకానిక్ ఇంజను ఆన్‌లో ఉంచి, కారుకు చిన్న యంత్రం తగిలించాడు. తెర మీద ఇరవై అయిదు కనిపించింది.

"ఏంటబ్బాయ్ ఇది?"

"ఫ్యూయల్ ట్రిమ్మండి మామ్మగారూ. ఎక్కడో దొంగగాలి దూరుతోందండి. దానికి సరిపడా ఇంజనే నూటికి పాతిక వంతులు పెట్రోలు ఎక్కువ పోసుకుంటోందండి."

"ఎవరూ చెప్పకుండానే?"

"దానికెవరు చెప్పాలండీ!"

ఎక్సలేటరు తొక్కితే అంకె తగ్గింది, వదిలితే పెరిగింది. గాలి లీకుంటే ఇంతేనన్నాడు. రబ్బరు గొట్టాలు తడిమి ఒకదానికి పగులు కనిపెట్టి, నన్ను దాని మీద వేలు పెట్టి చూడమన్నాడు. లోపలి నుంచి ఎవరో పీల్చినట్టు నా బొటనవేలిని లాగింది. కారు వణుకు ఆగిపోయింది. అంకె దిగుతూ దిగుతూ నాలుగు దగ్గర నిలిచింది.

అరవై ఏళ్లు పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని. గాలిని చూసుకుని తన మంట తానే సరిచేసుకునే పొయ్యిని ఎన్నడూ చూడలేదు. వేలు తీయబుద్ధి కాలేదు.

"గుడ్డపీలిక చుట్టేస్తే పోదా అబ్బాయ్?"

"అత్తయ్యగారూ, కొత్త గొట్టం వేయనివ్వండి," అంది కోడలు. "ఇంతకీ నేనెన్ని ఊళ్లు తిరిగానో చెప్పిందా అది?"

"తిరగలేదని చెప్పింది," అన్నాను, వేలు తీయకుండానే.