మావయ్య చూసిన ఒకే ఒక్క మ్యాచ్

"కాలేజీ ఫుట్‌బాల్ టీములో ఇదే నా ఆఖరి సీజన్. ఫైనల్‌కి వచ్చాం. నువ్వొచ్చి చూడు" అని జంషెడ్‌పూర్ నుంచి రాజారావు బావ ఉత్తరం రాశాడు. బావ మా మేనమామ కొడుకు, గోల్‌కీపరు. మొదటి ఏడాది వాళ్ళ టీము తొలి మ్యాచ్‌లోనే ఓడింది. మరుసటేడు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఇవన్నీ నేను ఉత్తరాల్లో చదివినవే. కళ్ళారా చూసి మా కాలేజీ పత్రికకి రాయాలన్న ఉబలాటంతో కొత్త నోటుబుక్కు కొనుక్కుని బయల్దేరాను.

విజయనగరంలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున ఖరగ్‌పూర్. అక్కడ బండి మారి మూడు గంటలు కూర్చుంటే టాటానగర్, అదే జంషెడ్‌పూర్ స్టేషను. రెండో తరగతి టిక్కెట్టు, దారిలో టీలు, పూరీలు అన్నీ కలిపి నలభై రూపాయల్లో అయిపోయింది. మావయ్య ఇల్లు పర్సుడీహ్‌లో, స్టేషను నుంచి నడిచిపోయేంత దూరం.

"మూడేళ్ళయి ఆడతన్నాడు, ఈయన ఒక్కపాలి చూడ్నేదు" అంది అత్త, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. మ్యాచ్ ఉన్నప్పుడల్లా మావయ్యకి కార్ఖానాలో మధ్యాహ్నం రెండింటి షిఫ్టే పడేదట. ఈసారి తోటివాడిని బతిమాలి పొద్దుటి డ్యూటీకి మార్చుకున్నాడు. బదులుగా తన ఆదివారం సెలవు అతనికి వదులుకున్నాడు.

"ఆట తెలుసా మావయ్యా?" అన్నాను.

"బంతి లోనికెల్లకూడదు, ఆడు ఆపాల. అంతే కదేటి?"

మర్నాడు సాక్చీ వైపు వెళ్ళే టెంపోలో రూపాయిచ్చి, అరగంటలో మైదానం చేరాను. ఆట మూడున్నరకి. మావయ్య డ్యూటీ బట్టల్లోనే, టిఫిన్ డబ్బాతో వచ్చి సరిగ్గా బావ గోలు వెనకాల నేల మీద కూర్చున్నాడు. నేను రాసుకోవడానికి మధ్య గీత దగ్గర కూర్చున్నాను. మొదటి సగంలో బావ రెండు గట్టి షాట్లు ఆపాడు. రెండు జట్లకీ గోలు లేదు.

విరామంలో ఆవనూనె, ఉల్లిపాయ కలిపిన మరమరాలు కొనడానికి వెళ్ళాను. అక్కడ జనం ఎక్కువై, తిరిగి వచ్చేసరికి ఆట మళ్ళీ మొదలై పది నిమిషాలైంది. మావయ్య కూర్చున్న చోటు ఖాళీ. గేటు బయటికి పరిగెత్తాను. జనం నిండక ఆగి ఉన్న టెంపోలో కూర్చుని కనిపించాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఇంటికెలిపోతన్నాను. ఆడిని తీసీసినారు. ఇంకో కుర్రోడిని నిలబెట్టీసినారు. బాగానే ఆపినాడు కదరా, ఏటి తప్పు చేసినాడు?"

"తియ్యలేదు. సగం ఆటయ్యాక రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయి. బావ అవతలి చివరున్నాడు."

మావయ్య నా మొహంలోకి చూశాడు. "ఇక్కడా షిఫ్టు మారతాదేటి?" అంటూ టెంపో దిగాడు. ఆ వయసులో ఆయన అంత జోరుగా నడవగలడని నేననుకోలేదు.

మేము అవతలి గోలు వెనక్కి వెళ్ళేసరికి ఎదుటి జట్టు ఒక గోలు కొట్టేసింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. మావయ్య ఈసారి కూర్చోలేదు. ఆఖర్న బంతి పైమూలకి దూసుకొస్తే బావ ఎగిరి వేలికొసలతో బయటికి నెట్టాడు. అయినా స్కోరు మారలేదు. ఓడిపోయారు.

మట్టి కొట్టుకున్న చొక్కాతో బావ వచ్చాడు. "హార్ గయే, బాబా" అని తల దించుకున్నాడు. తర్వాత అన్నాడు, "మధ్యలో నీ చోటు చూస్తే ఖాళీగా ఉంది. నచ్చక వెళ్ళిపోయావనుకున్నాను."

"ఓడిపోడం సంగతి నాకు తెల్దు" అన్నాడు మావయ్య. "ఆ మూల బంతి ఆపినావు కదా, అది నాను ఈడ నిలబడి చూసినాను."

బావ మూడు సీజన్ల గురించి రాద్దామని వెళ్ళాను. నోటుబుక్కులో ఎక్కువ పేజీలు ఆ చివరి ఇరవై నిమిషాలే నింపాయి. గోలు దగ్గర నిలబడేవాడు మైదానంలో అందరికంటే ఒంటరివాడు. దగ్గర్లో తనవాళ్ళు ఒక్కరుంటే చాలు, ఆ ఒంటరితనం తగ్గుతుందని బావ మొహం చూశాక అర్థమైంది.

మీరూ ఆట ఎరగని పెద్దవాళ్ళని మ్యాచ్‌కి తీసుకెళ్తే, గోలు వెనక కాకుండా మధ్య గీత దగ్గర కూర్చోబెట్టండి. విరామం తర్వాత వైపులు మారతాయని ముందే చెప్పండి.