బావ తొక్కిన మంచు పలకలు

పొద్దున్నే ఫోను తనంతట తానే ఒక పాత ఫోటో తీసి చూపించింది. అందులో మా బావ. మెడ చుట్టూ మఫ్లరు, నెత్తిన కోతిటోపీ, కాళ్ళకు నా అంత పొడుగు స్కీ పలకలు, ఎనక అంతా మంచు. ఎమ్మిగనూరులో దీన్ని చూసినోళ్ళంతా "స్టూడియోలో తీయించుకున్నాడప్పా" అని నవ్వినారు. కాదు. నేను పక్కనే ఉన్నా. ఆ దినం నా గుండె ఆగిపోవల్సింది, ఎట్లనో ఆగలేదు.

చేనేత మేళాలో అంగడి పెట్టనీకి ఇద్దరం మనాలికి పోయినాము. బయల్దేరేటప్పుడు మా అక్క నా చెయ్యి పట్టుకోని, "మీ బావను ఎట్ల పిల్చుకపోతాండావో అట్లే తీస్కరావల్లప్పా" అనింది. ఊరికే అనలేదు. అంతకు ముందటేడు ఆస్పరి దావలో మోపెడ్ మీంచి పడి బావ కుడికాలు ఇరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ ఆడనే ఇరిగితే ఇంక మగ్గం మర్చిపోవల్లని డాక్టరు గట్టిగా చెప్పినాడు. కాళ్ళు గుంటలోకి దించి నేసే గుంటమగ్గంలో కూర్చున్నోనికి చేతులెంతో కాళ్ళూ అంతే. ముప్పై ఏండ్లు కింద చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కిన మనిషి, ఆ కాలు పోతే ఏం జేస్తాడు?

అట్లాంటోడు, అంగడికి సెలవు దొరికిన పూట, మంచు సూద్దామని పోయి స్కీలు బాడుగకిచ్చేటాయన ముందర నిలబడినాడు. రెండు జతలు, రెండూ కొత్తవే. ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది. ఏ కొండకైనా, ఎట్లాంటి మంచుకైనా పనికొస్తాయంట. "రెండూ తొక్కి సూస్తే గదా ఏది మేలో తెలిసేది" అన్నాడు బావ, పంచెల బేరం మాదిరి. వద్దన్నా, తిట్టినా, దండం పెట్టినా. యాడ ఇంటాడు! అప్పటికే ఆదోని ఉర్దూలో ఆ బాడుగాయనతో బాగా కలిసిపోయినాడు.

ముందు వెడల్పువి కట్టుకున్నాడు. ఆపల్లంటే మడమలు ఎడం చేసి, ముందుకొనలు దగ్గరికి తెచ్చి, రెండు కాళ్ళూ సమానంగా నొక్కల్లని బాడుగాయన చూపించినాడు. మా బావకు సమానంగా నొక్కేది యాడొస్తాది? కుడి, ఎడమ, కుడి, ఎడమ, అచ్చం మగ్గం తొక్కినట్లే తొక్కినాడు. చూస్తే పలకలు గూడ అటొక వంపు, ఇటొక వంపు తిరుక్కుంటా నిదానంగా దిగి, అడుగున చదునులో వాటంతట అవే నిలబడినాయి. బాడుగాయన చప్పట్లు కొట్టినాడు. అదే కొంప ముంచింది. వెంటనే సన్నవి కట్టుకున్నాడు. అవి ఆ తొక్కుడుకు లొంగలేదు. సర్రుమని పోయి, మంచు దిబ్బ దాటి, కంటికి కనపడకుండా పోయినాడు. ఒక కేక ఇనపడింది. తర్వాత అది గూడ లేదు.

పడతా లేస్తా పరిగెత్తినా. అక్కకు ఏమని సెప్పల్ల, అదొక్కటే ఆలోచన. దిబ్బ ఎక్కి చూస్తే బావ మంచులో కూలబడి టోపీ దులుపుకుంటాన్నాడు. "ఆపుదామని రెండు కాళ్ళూ పైకెత్తినా అప్పా. మగ్గమైతే ఆగుతాది గదా!" అన్నాడు.

"కాలు?" అన్నా.

"ఏ కాలు?" అని కుడికాలు పైకీ కిందికీ ఆడించి చూపించి, "వెడల్పువే మేలు. సన్నవి మన మాట ఇనవు" అన్నాడు. అబ్బా, పానం లేచొచ్చింది! ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చినాయి. నోటికొచ్చినట్లు తిట్టి, ఆ మంచులోనే వాటేసుకున్నా.

ఆయన కనపడకుండా పోయింది రెండు నిమిషాలు గూడ ఉండదని బావ ఇప్పటికీ వాదిస్తాడు. ఉండదేమో. ఆ రెండు నిమిషాల్లో మా అక్క మగ్గం గుంటను మట్టేసి పూడ్పిస్తాండేది నేను కండ్లారా చూసినా. అంత పొడుగు కాలం నా బతుకులో మళ్ళీ రాలేదు.