బావి దగ్గర నేను మార్చి చెప్పిన మాట

నలభై ఏళ్లుగా ఒక మనిషి ఉసురు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడకు చెబుదామని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే ధైర్యం చేస్తున్నాను. పేరు మాత్రం అడక్కండి.

మాది నెల్లూరు. అబ్బా, అంటే మా నాన్న, దుబాయ్‌లో, డేరా బజారులో దర్జీ. అక్కడికి చేరిన మనవాళ్ల పిల్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎనభైల మొదట్లో, ఎడారి అంచున కొత్తగా పెట్టిన ఒక చిన్న విశ్వవిద్యాలయంలో నాకు సీటు దొరికింది. సహజ వనరులు, వాటి సంరక్షణ. అబ్బాకు అదేమిటో అంతుపట్టలేదు. మావాడు నీళ్ల చదువు చదువుతున్నాడని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆఖరి ఏడాది ఒక్కొక్కరికీ ఒక్కో బావి అప్పగించారు. వారానికోసారి వెళ్లి నీటిమట్టం కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి. నాకు ఊరి బయట ఒక ఖర్జూరం తోట బావి వచ్చింది. పని తేలికే. ఉక్కు టేపు చివరికి సుద్ద పూసి లోపలికి వదిలితే తడిసిన మేర రంగు మారుతుంది, అది చూసి లెక్క రాసుకోవడమే. కాకపోతే ముందు రాత్రంతా నీళ్లు తోడే ఇంజను ఆపి ఉంచాలి. లేకపోతే నీళ్లు తమ మట్టానికి చేరవు.

ఆ ఇంజను నడిపేవాడు మల్లయ్య. కరీంనగర్ వైపు పల్లెటూరు. ఊళ్లో కట్టుకుంటున్న ఇల్లు గోడల దగ్గర ఆగిపోయిందని, ఇంకో రెండేళ్లుంటే కప్పు పడుతుందని ఎప్పుడూ అంటుండేవాడు. నాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు తన టీ గ్లాసు కడిగి నాకిచ్చి, తను డబ్బా మూతలో పోసుకుని తాగాడు. తమ్మీ అని పిలిచేవాడు. నా కోసం ప్రతి శనివారం, నేను వచ్చి కొలిచేదాకా, చెట్లు ఎండకు వాడినా సరే ఇంజను వేసేవాడు కాదు.

ఒక శనివారం నాకు జ్వరం వచ్చింది. వెళ్లలేదు. ముందు వారం అంకె పక్కన దాదాపు అదే అంకె వేసేశాను. ఎవరూ పట్టుకోలేదు. తర్వాతి వారం జ్వరం లేదు. అయినా వెళ్లలేదు. ఎండలు ముదిరాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి, కారణాలకేం కొదవ? పదకొండు వారాలు గదిలో ఫ్యాను కింద కూర్చుని కాకిలెక్కలు రాశాను. బావి ఏమాత్రం దిగనట్టు, చాలా అందంగా. ఆ శనివారాలన్నీ మల్లయ్య నా కోసం ఇంజను ఆపి ఎంతసేపు కూర్చున్నాడో నేను అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించలేదా, ఆలోచించకుండా తప్పించుకున్నానా?

అంతకుముందే ఆయన నాకు చెప్పాడు. నీళ్లు దిగుతున్నాయని, ఉప్పు తగులుతోందని. చేదతాడుకు నీళ్లు అందిన చోటల్లా గుడ్డపేలిక కడుతూ వచ్చాడు, ఆ పేలికలు చూపించాడు. టేపు ఉండగా తాడెందుకు మల్లన్నా అని నవ్వాను.

పన్నెండో వారం వెళ్లి కొలిస్తే రెండున్నర మీటర్లు దిగిపోయింది. ఆ అంకె మాత్రం నిజాయితీగా రాశాను. అదే ఆయన మెడకు చుట్టుకుంది. మట్టలు పసుపెక్కుతున్నాయని తోట యజమాని, అంటే మల్లయ్యకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్, మా ప్రొఫెసర్‌ను పిలిపించాడు. ప్రొఫెసర్ సూడాన్ మనిషి, మంచివాడు. నోట్‌బుక్ తిరగేసి, ఇన్ని వారాలు కదలని మట్టం ఒక్క వారంలో ఇంత పడిందంటే ఎవరో రాత్రీ పగలూ ఇంజను ఆపకుండా వదిలేసి ఉండాలన్నాడు. నా అంకెలను నమ్మితే ఎవరైనా అంతే అంటారు.

బావి దగ్గర నలుగురం నిలబడ్డాం. మల్లయ్యకు వచ్చిన కాస్త హిందీ భయంతో ఎగిరిపోయింది. తెలుగులోకి దిగాడు. ఏమంటున్నాడని ప్రొఫెసర్ నన్ను అడిగాడు. అక్కడ ఆయన మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.

"తమ్మీ, నువ్వే చెప్పు సారుకు. ఇంజను నేను ఒక్కనాడు ఇడువలే. నీళ్లు ఎండకాలం సంది దిగుతనే ఉన్నయ్. నీకు చెప్పిన. నువ్వు రాకపోతివి. గీ తాడు సూడుమను."

నిజం చెబితే డిగ్రీ పోతుంది. డేరాలో అబ్బా ముఖం కనబడింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. రెండు మూడు సార్లు ఇంజను ఆపడం మరిచిపోయాడట సార్. తాడు సంగతేమిటన్నాడు ప్రొఫెసర్. కొత్త తాడు కావాలంటున్నాడని చెప్పాను.

ఆ రెండో అబద్ధం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొదటిది భయంతో ఆడాను. రెండోది ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను మాట్లాడుతున్నంతసేపూ మల్లయ్య నా పక్కన తల ఊపుతూ నిలబడ్డాడు. ఇంగ్లీషు ఆయనకు ఒక్క ముక్క రాదు. తన మాటే చెబుతున్నాననుకున్నాడు. ప్రొఫెసర్ ఆ మాటను అరబ్బీలో యజమానికి అందించాడు. యజమాని అరవలేదు. ఖలాస్ అని వెళ్లి కారెక్కాడు. వారంలో మల్లయ్య వీసా రద్దయింది.

ఆ శనివారం నేను టేపు తీసుకుని వేళకే వెళ్లాను. ఆయన సంచి సర్దుకుని పికప్ కోసం చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినవ్ తమ్మీ. వాళ్లే ఇనలే. నువ్వేం మనసుల పెట్టుకోకు."

పికప్ వచ్చింది. సంచి అందుకుని బండిలో పెట్టాను, అంతే.

నాకు డిగ్రీ వచ్చింది, మంచి మార్కులతో. ముప్పై ఏళ్లు నీటి ఉద్యోగమే చేశాను. కుర్ర ఇంజనీర్లు చూడకుండా లెక్కలు రాస్తే తిట్టి, వెనక్కి పంపేవాణ్ణి. ఆయన ఊరి పేరు ఏనాడూ అడగలేదు. కరీంనగర్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో! బస్సు ఆగిన ప్రతిసారీ తల దించుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి కప్పు పడిందో లేదో తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

తిట్టి పోయి ఉంటే బతికిపోయేవాణ్ణేమో. నన్ను మంచివాణ్ణి అనుకుని వెళ్లిపోయాడు. ఏ సాయంత్రమో తన వాళ్లతో, అక్కడ మన తెలుగు పిల్లగాడు ఒకడు నా కోసం మాట్లాడాడు అని చెప్పుకుని ఉంటాడు.

మల్లన్నా, నేను చెప్పలేదు. ఇంజను నువ్వు వదలలేదు. నీ పేలికలే నిజం, నా పదకొండు అంకెలూ అబద్ధం. ఇదిగో, రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.