సామ్యేలు గారి నారింజరంగు పెట్టె

హ్యాంగరు తలుపు తీయగానే ఉప్పుగాలి, పెట్రోలు వాసన కలిసి ముఖాన కొట్టాయి. ఈ ఉదయం విమానం తోకలో ఉండే బీకన్‌ని, ప్రమాద సంకేతం పంపే పెట్టెని, పరీక్షించాను. స్విచ్చి నొక్కగానే కాక్‌పిట్ రేడియోలో పైనుంచి కిందికి జారుతున్నట్టుండే ఆ కూత వినిపించింది. అది విన్నప్పుడల్లా నాకు సామ్యేలు గారు గుర్తొస్తారు.

విడవలూరు దాటాక సముద్రం వైపున్న ఈ చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఆయన చీఫ్ ఇంజనీరు. సొంతూరు ఇందుకూరుపేట. రొయ్యల వ్యాపారి ఒకాయన సొంతానికి కొనుక్కున్న నాలుగు సీట్ల విమానం మా చేతుల్లో ఉండేది. నేను వరి పండించే ఇంటినుంచి, చదువు అప్పుడే ముగించుకుని వచ్చి ఆయన కింద చేరాను. చేరిన కొత్తలోనే ఆయన తోక దగ్గరి మూత విప్పి, లోపల బిగించిన నారింజరంగు పెట్టె చూపించారు. విమానం కూలితే ఆ దెబ్బకు అదే మేలుకుంటుందనీ, తానెక్కడుందో ఉపగ్రహానికి చెబుతుందనీ, రక్షణ కేంద్రం వాళ్ళు వెంటనే మన ఆఫీసుకు ఫోన్ చేస్తారనీ వివరించారు. బ్యాటరీ గడువు దాటితే మాత్రం విమానాన్ని పంపకూడదన్నారు.

ఆ మాట అన్నాక, మూత బిగిస్తూ తన స్నేహితుడి సంగతి చెప్పారు. అతని విమానం అడవిలో పడింది. పెట్టె ఉంది గానీ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. వెతికేవాళ్ళు ఆలస్యంగా చేరేసరికి, పైనుంచి కనబడాలని అతను పొదమీద పరిచిన చొక్కా ఇంకా అక్కడే ఉంది.

"పడి చచ్చిపోలేదమ్మా వాడు. ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోయినాడు."

ఒకసారి యజమాని చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చారు, మైపాడు తీరం పైనుంచి చూపిద్దామని. బ్యాటరీ గడువు అంతకుముందే ముగిసింది, కొత్తది ఇంకా రాలేదు. విమానం ఎగరొచ్చని సామ్యేలు గారు సంతకం పెట్టనన్నారు. ఇంజను బాగున్నప్పుడు ఆ పెట్టెతో పనేంటని యజమాని అందరిముందూ నిలదీశారు.

"ఎగరడానికి అది అక్కర్లేదు సార్. మిమ్మల్ని వెతుక్కుంటా వచ్చేవాళ్ళకి కావాల."

వేరే ఉద్యోగం చూసుకోమని చెప్పి యజమాని కారెక్కారు. మధ్యాహ్నం సామ్యేలు గారు అన్నం క్యారియరు మూత తీసి, ముద్ద ముట్టకుండానే మళ్ళీ మూసేశారు. భయంగా ఉందా అని అడిగితే, ఉండకుండా ఎట్టుంటుంది, ఇల్లు నడవాల గదా అన్నారు. అంతవరకూ ధైర్యవంతులకు భయం ఉండదనుకునేదాన్ని. కోపం చల్లారాక యజమాని ఆయన్ని ఉండమన్నారు. కొత్త బ్యాటరీ కూడా వచ్చింది.

ఆ ఏడాదే, ఇంజను సర్వీసు ముగిశాక, పనితీరు చూడ్డానికి ఆయన పైలట్ కిరణ్‌తో కలిసి ఎక్కారు. దక్షిణాన వాకాడు వైపు వెళ్ళినప్పుడు పెద్ద గూడబాతు పక్షి ఒకటి అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. విమానం ఉప్పుటేటి పక్క బురదలో కూలింది. దారి లేని చోటు, మనిషి అలికిడి లేదు. ఆఫీసులో ఫోన్ నేనే ఎత్తాను. రక్షణ కేంద్రం నుంచి ఒకరు మా విమానం గాల్లో ఉందా అని అడిగారు. ఉందన్నాను. అది కూలినట్టుందని చెప్పి, చోటు వివరాలు చదివారు. రాసుకుని, మళ్ళీ చదివి వినిపించాను.

రక్షణ కేంద్రం కబురందుకుని దగ్గరి ఊరి జాలర్లు పడవలో అక్కడికి చేరారు. కిరణ్ కాలు విరిగింది, బతికాడు. సామ్యేలు గారు పడవ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారట. ఒడ్డు చేరేలోపే పోయారు.

సమాధి కార్యక్రమానికి కిరణ్ కర్రల సాయంతో వచ్చాడు. సామ్యేలు గారి భార్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, చివర్లో భయపడినాడా నాయనా అని అడిగింది.

"లేదమ్మా. నేనే భయపడినాను. నిద్రపోవద్దు, మనవాళ్ళు బయల్దేరినారు, వస్తా ఉండారు అని సార్ చెప్తానే ఉన్నారు."

ఆమె తలాడించింది.

ఇప్పుడు ఆ సంతకం నాది. సంతకం పెట్టనంటే కోప్పడిన యజమానులున్నారు, విమానాన్ని వేరేచోటికి తీసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. నేను వాళ్ళతో పెద్దగా వాదించను. ఆ బురదలో ఒక మనిషి పక్కవాడితో అంత నమ్మకంగా "వస్తున్నారు" అనగలగాలంటే, అంతకుముందే నేలమీద ఎవరో ఒకరు ఆ మాటను నిజం చేసిపెట్టి ఉండాలి. ఆ పని ఆయనది. ఇప్పుడు నాది.